టాక్రోలిమస్ లెవెల్ 14 వచ్చిందని డోసు తగ్గించొచ్చా? (సమాధానం)

గాజువాక నుంచి అడిగిన మిత్రులకు: మీ నాన్నగారికి కిడ్నీ మార్చి ఎనిమిది నెలలైంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష, కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది) 1.2 నుంచి 1.7కి పెరిగింది, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు లెవెల్ రక్తంలో 14 వచ్చింది, డోసు మనమే తగ్గించుకోవచ్చా అన్నారు. వద్దండీ. అసలు ఆ 14నే నమ్మలేం. ఉదయం మాత్ర వేసుకున్నాక రక్తం ఇచ్చామని మీరే రాశారు. వేసుకున్న ఒకటి నుంచి మూడు గంటల్లో లెవెల్ బాగా పైకి పోతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రయితే, రాత్రి డోసు పడిన 12 గంటలకు, ఉదయం డోసు వేసుకోకముందే రక్తం తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున్న 9కి ల్యాబ్‌లో ఉండాలి (ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ లెక్కేసుకుని బయల్దేరండి). మాత్ర జేబులో ఉంచుకుని, రక్తం ఇచ్చాక వేసుకోమనండి.

ఈమధ్య పంపర పనస తిన్నారా? విరేచనాలయ్యాయా? క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) లాంటివి వాడారా? వీటిలో ఏదైనా లెవెల్‌ని నిజంగానే పెంచుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ మాత్రం పడగొట్టేస్తుంది.

చిక్కెక్కడంటే, లెవెల్ ఎక్కువైతే మందే కిడ్నీలోని సన్న రక్తనాళాలను బిగించి క్రియాటినిన్ పెంచుతుంది. తక్కువైతే రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాని మీద పడతాయి, అప్పుడూ క్రియాటినిన్ పెరుగుతుంది. మొదటిదానికి డోసు తగ్గిస్తారు, రెండోదానికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తారు. తేల్చేది బయాప్సీయే (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం), దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయేమో రక్తంలోనూ చూస్తారు.

కిడ్నీ ఇచ్చిన అత్తయ్యగారి హెచ్‌ఎల్‌ఏ (మనదా పరాయిదా అని శరీరం గుర్తుపట్టే కణాల మీది ప్రోటీన్లు) పూర్తిగా కలిసింది కదా అన్నారు. అది అదృష్టమే. కానీ హెచ్‌ఎల్‌ఏ కాని చిన్న యాంటిజెన్లలో (శరీరం గుర్తుపట్టే ఇతర ప్రోటీన్లలో) తేడాలుంటాయి, వాటినీ టి కణాలు పసిగడతాయి. అచ్చు కవలలైతే వేరు సంగతి.

రిపోర్టులు ఇవాళే మీ నెఫ్రాలజిస్టుకు పంపండి. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, కొత్త కిడ్నీ పెట్టిన చోట నొప్పి ఉన్నా రేపటిదాకా ఆగొద్దు.