కోఠీ నుంచి ఫతేమైదాన్ దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

సుల్తాన్‌బజార్, కోఠీ, ఆబిడ్స్, ఫతేమైదాన్. హైదరాబాదులో ఈ నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నవే. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే వచ్చాయి. ఆదివారం పుస్తకాల గురించి అడిగినవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: హైదరాబాదులో తొలి తెలుగు గ్రంథాలయం పాతబస్తీలో కాకుండా సుల్తాన్‌బజార్ వైపే ఎందుకు వెలిసింది? ఇప్పుడున్న భవనం 1901 నాటిదేనా? (నల్లగొండ నుంచి)

జవాబు: ముందు భవనం సంగతి. కాదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. సుల్తాన్‌బజార్‌లో సొంత గూడు ఆ తర్వాత ఏర్పడింది. గుమ్మం ముందు ఫొటో దిగి కింద ‘1901లో ఇక్కడే’ అని రాసేవాళ్లు ఇది గమనించాలి. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆదిపూడి సోమనాథరావు దాని వెనుక నిలిచినవాళ్లు. అయిదేళ్లకే, 1906లో, కొమర్రాజు వారు విజ్ఞాన చంద్రికా మండలిని కూడా హైదరాబాదులోనే పెట్టి, తర్వాత మద్రాసుకు తరలించారు.

ఇక ఇటువైపే ఎందుకన్నది. కోఠీ అంటే బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం కొలువులో ఉండే బ్రిటిష్ ప్రతినిధి, బంగళా. దాని చుట్టూ పెరిగిన అంగళ్లను రెసిడెన్సీ బజార్లు అనేవారు. నిజాం రాజధానిలోనే ఉన్నా 1933 దాకా వాటి మీద పెత్తనం రెసిడెంటుది. తిరిగి నిజాం చేతికి వచ్చాకే ‘సుల్తాన్‌బజార్’ అయింది. సాహుకార్లు, వకీళ్లు, బయటి జిల్లాల నుంచి వచ్చిన చదువరులు ఈ పక్క కాపురాలు పెట్టారు. తర్వాతి కాలంలో, నిజాం ఇలాకాలో నలుగురు కూడి సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందు అనుమతి తెచ్చుకోవాల్సిన రోజుల్లో కూడా రెసిడెన్సీ హద్దు లోపల ఆ పట్టు అంతగా ఉండేది కాదు. దీన్నిబట్టి తెల్లదొరలు తెలుగును పోషించారని మాత్రం అనుకోవద్దు. పుస్తకం కొన్న చెయ్యి, అద్దె కట్టిన చెయ్యి మనవాళ్లదే.

దగ్గర్లోనే జాంబాగ్‌లో వివేకవర్ధిని ఉంది. 1921 నవంబరులో అక్కడ కర్వే పండితుడి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోయారు. సభలో గోల చేసి ఆపారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. గ్రంథాలయం, ఈ సభాస్థలి ఒకే నడకలో చూస్తేనే పేట సంగతి బోధపడుతుంది.

ప్రశ్న: ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల్లో పాత తెలుగు పుస్తకాలు కొంటున్నాను. ఇంటికి తెచ్చాక మధ్యలో పుటలు లేవని తేలుతోంది. అక్కడికక్కడే ఎలా కనిపెట్టాలి? (కరీంనగర్ నుంచి)

జవాబు: ఆదివారం దుకాణాలు షట్టర్లు దించేస్తాయి. వాటి ముందరి అరుగులూ ఫుట్‌పాతే అంగడి. ఆబిడ్స్ పెద్ద తపాలాఫీసు చుట్టుపక్కల నుంచి కోఠీ వైపు పరుచుకుంటుంది. ఉదయం తొమ్మిదీ పదీ మధ్య మూటలు విప్పుతారు. మంచి పుస్తకం కావాలంటే అప్పుడే ఉండాలి. బేరం కావాలంటే సాయంత్రం సర్దే వేళకు వెళ్లాలి. రెండూ ఒకే రోజు దొరకవు.

పుటలు తప్పాయో లేదో చూడటానికి మొదటి నుంచి చివరిదాకా తిప్పక్కర్లేదు. ప్రెస్సువాళ్ల లెక్క ‘ఫారం’. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిస్తే మామూలుగా 16 పుటలు. కాబట్టి ఫారాలు 1, 17, 33, 49, 65, 81 పుటల దగ్గర మొదలవుతాయి. చాలా పాత పుస్తకాల్లో ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె వేసి ఉంటుంది. అది పుట సంఖ్య కాదు, బైండరు వరస తప్పకుండా వేసుకున్న గుర్తు. పుస్తకాన్ని ఎడమ చేత పట్టుకుని ఆ పుటలే తీసి 2, 3, 4 అని అంకెలు చూసుకుంటూ పోతే 200 పుటల పుస్తకానికి ఒక్క నిమిషం చాలు. పీఠికను కూడా మొదటి ఫారంలోనే కలిపి ఉంటే ఈ పుటలు కాస్త జరుగుతాయి. ఎడం మాత్రం 16 మారదు. సగం ఫారం వాడిన చోట 8.

పుటలు ఎగిరిపోవడానికి సాధారణంగా రెండే దారులు. ఒకటి బైండింగులో: ఒక ఫారం మరిచిపోయి, ఇంకోటి రెండుసార్లు కుడతారు. 48 తర్వాత 65 వచ్చి, కొంచెం ముందుకు పోతే 65 మళ్లీ కనబడితే ఇదే జరిగిందన్నమాట. రెండోది వాడకంలో: కుట్టు వదులై మొదటి, చివరి ఆకులు రాలతాయి. అందుకే ముఖపత్రం, దాని వెనక పుట, ఆఖరి పుట తప్పకుండా చూడండి. ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఏ ముద్రాక్షరశాల అన్నది ఉండేది అక్కడే. అట్ట మీది సంవత్సరం నమ్మకండి. మళ్లీ బైండు చేసినప్పుడు వేరే పుస్తకం అట్ట తొడిగిన ప్రతులు చాలానే ఉంటాయి.

ఇంకో పరీక్ష: ఆకును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా ఊపండి. మెత్తగా వంగితే మంచిది. ఎండుటాకులా గలగలమని అంచు పొడిగా రాలితే ఆ కాగితం ఎక్కువ కాలం ఉండదు. కలప గుజ్జుతో, పటిక కలిపి చేసిన చవక కాగితంలో ఆమ్లం మిగిలిపోతుంది. అదే దాన్ని ఎర్రబరిచి పెళుసు చేస్తుంది. చదవడానికైతే తీసుకోండి, దాచడానికైతే ఆలోచించండి. మూల మడిచి విరుగుతుందేమో చూడటం మాత్రం వద్దు. కొననిది మీది కాదు.

ఒకటి రెండు పుటలు మాత్రమే లేకపోతే వదిలేయక్కర్లేదు. పాత తెలుగు పుస్తకాలెన్నో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కానులుగా ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో ఉన్నాయి. ఫోనులో వెదికి ఆ పుటలున్నాయని చూసుకుని, లోపం చూపించి ధర తగ్గించమనండి. అమ్మేవాళ్లు లోపం ఒప్పుకుంటారు. ‘భయ్యా, ఎక్కువ చెప్తున్నావు’ అన్న మాటకు మాత్రం కదలరు.

ప్రశ్న: అలా కొన్న పుస్తకంలో వెండిలా మెరిసే సన్నని పురుగులు కనబడ్డాయి. ముందు ఏం చేయాలి? చిరిగిన చోట సెల్లో టేపు వేయొచ్చా? (విజయవాడ నుంచి)

జవాబు: ముందు దాన్ని మీ బీరువాకు దూరం పెట్టండి. జిప్ ఉన్న పాలిథీన్ సంచిలో వేసి గాలి పిండేసి, ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టే చోట రెండు వారాలు ఉంచండి. అక్కడ దాదాపు మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. తీశాక అసలు జాగ్రత్త మొదలవుతుంది: సంచి మూసే ఉంచి ఒక రోజు గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే చల్లని కాగితం మీద నీరు పడుతుంది, తర్వాత బూజు పడుతుంది. ముందే చెమ్మగా ఉన్న పుస్తకాన్ని ఆరబెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టకండి. తర్వాత మెత్తని బ్రష్‌తో, వెన్ను నుంచి అంచు వైపుకు దులపండి.

సెల్లో టేపు వద్దే వద్దు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం పసుపు మరకగా మిగులుతుంది. మైదా జిగురు చాలు: ఒక వంతు మైదాకు అయిదు వంతులు నీళ్లు, ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద పది నిమిషాలు కలియబెడితే పాలలా తెల్లగా ఉన్నది కాస్తా గాజులా అవుతుంది. చల్లారాక వాడండి. రెండు రోజులు దాటితే పారేయండి. గోధుమ గంజిపొడి దొరికితే ఇంకా మేలు. పురుగు పట్టకుండా బైండర్లు మైలుతుత్తం కలుపుతారు. అది కాలం గడిచేకొద్దీ కాగితాన్నే గోధుమరంగుకు తెస్తుంది కనుక ఇంట్లో వద్దు. అతుకుకు పలచని జపనీస్ టిష్యూ, సెంటీమీటరు వెడల్పు పట్టీ. కత్తెరతో కాకుండా తడిగీత గీసి చింపితే అంచు పీచుపీచుగా వచ్చి బాగా పట్టుకుంటుంది. రెండు వైపులా బటర్ పేపరు పెట్టి, పైన నాలుగు లావు నిఘంటువులు ఎత్తి రాత్రంతా వదిలేయండి. తుప్పు పట్టిన పిన్నులుంటే ఇదంతా చేసే ముందే తీసేయాలి. లాగొద్దు, వెనక కాళ్లు నిలబెట్టి తీయాలి.

ప్రశ్న: రహీం సాబ్ పేరుతో మా స్కూల్లో ఫుట్‌బాల్ పోటీ పెట్టాలనుకుంటున్నాం. మామూలు టోర్నమెంటు కాకుండా ఆయన పద్ధతిలో ఏమైనా ఉందా? (కాచిగూడ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

జవాబు: మీది సరైన చోటే. సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది ఆయన శిక్షణలోనే. దేశం జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. పిల్లలకు ఆయన పెట్టిన పోటీల్లో డ్రిబ్లింగ్ లేనివీ, అలవాటులేని కాలితో మాత్రమే ఆడేవీ ఉండేవి. ఆ రెండోది పెట్టండి.

నియమాలు మేం సూచించేవి ఇవి: జట్టుకు ఏడుగురు, పది నిమిషాల చొప్పున రెండు సగాలు. బలమైన కాలితో బంతి తాకితే ఎదుటి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్. గోలీకి మినహాయింపు. చెడేది ఎక్కడంటే, ఎవరిది ఎడమకాలి వాటమో రెఫరీకి తెలియదు, పిల్లలూ కావాలని తప్పు చెబుతారు. ముందురోజే ఒక్కొక్కరితో అయిదు పెనాల్టీలు కొట్టించి వాటం రాసుకోండి. ఆటరోజు వాడకూడని కాలికి ఎర్ర గుడ్డపేలిక కట్టండి. మొదటి ఆటలో అందరూ నిలబడిపోయి బంతి కోసం చూస్తారు. కంగారు పడొద్దు. బంతిని ఆపలేనివాడు పాస్ ఇవ్వడానికి తోటివాడి కోసం తల ఎత్తుతాడు. ఈ పోటీ ఫలం అదే. మైదానం చిన్నది చేయండి, 40 మీటర్లు చాలు.

ప్రశ్న: భారత తొలి టెస్ట్ డబుల్ సెంచరీ లాల్‌బహదూర్ స్టేడియంలోనా? (గుంటూరు నుంచి)

జవాబు: చోటు అదే, పేరు అప్పటికి ఫతేమైదాన్. 1955 నవంబరులో న్యూజీలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223. ఆ ఆటలోనే కృపాల్‌సింగ్‌కు తొలి టెస్టులో సెంచరీ. లాల్‌బహదూర్ పేరు 1967లో పెట్టారు. అక్కడ జరిగిన టెస్టులు మూడే: 1955, 1969, 1988.

ప్రశ్న: కాలేజీ పిల్లలు పాతికమందిని ఈ ప్రాంతమంతా నడిపించాలి. ఒక్క రోజులో అవుతుందా? (సంగారెడ్డి నుంచి)

జవాబు: నాలుగైదు కిలోమీటర్లే, నడక పెద్ద లెక్క కాదు. చిక్కు రోజు దగ్గర వస్తుంది. పుస్తకాలు ఆదివారమే, రెసిడెన్సీ భవనమేమో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది, దానికి పనిదినం కావాలి. రెండు పూటలుగా విడదీయండి.

పనిదినం ఉదయం: సుల్తాన్‌బజార్ మెట్రో దగ్గర దిగి భాషానిలయం, అక్కడి నుంచి ఆ విశ్వవిద్యాలయం ఆవరణ (పాత కోఠీ మహిళా కళాశాల). 1803 ప్రాంతంలో అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన బంగళా ఇదే. మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన ఎత్తయిన స్తంభాలు. అనుమతి ఉత్తరం ముందే కాలేజీ లెటర్‌హెడ్ మీద, వచ్చేవాళ్ల సంఖ్య, తేదీ, ఫొటోలు తీస్తారా లేదా అన్నది రాసి పంపాలి. గేటు దగ్గర బతిమాలితే పని కాదు. బయటికి వచ్చాక 1857 జూలై 17న ఈ రెసిడెన్సీ మీదికి దండెత్తిన తుర్రేబాజ్‌ఖాన్ స్మారకం చూపించండి. బస్సుల రొదలో ఎవరికీ కనబడకుండా ఉంటుంది. తర్వాత జాంబాగ్ వివేకవర్ధిని, 1943లో పుట్టి ఇప్పుడు బొగ్గులకుంటలో ఉన్న సారస్వత పరిషత్తు.

ఆదివారం: ఆబిడ్స్ తపాలాఫీసు దగ్గర పదింటికి కలవండి. నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరే పేటకు నిలిచిందని ఇక్కడే చెప్పొచ్చు. పాతికమంది ఒకే అరుగు మీద వంగితే అమ్మకందారుకి చిరాకు, వెనకవాళ్లకు ఏమీ కనబడదు. అయిదుగురేసి విడగొట్టి గంటన్నర ఇవ్వండి. ఒక్కో గుంపు ఒక్క పుస్తకం కొని, ఫారాలు లెక్కపెట్టి చూపాలని చెప్పండి. అక్కడి నుంచి లాల్‌బహదూర్ స్టేడియం దాకా నడిచి, అసెంబ్లీ మెట్రోలో ఎక్కించండి. నీళ్ల సీసాలు మరిచిపోకండి, పుస్తకాలకు గుడ్డసంచులు కూడా.