సంతకం నకిలీదని తేలిన బేస్‌బాల్ కార్డు: డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. ఎనిమిది నెలల కిందట లాస్ ఏంజెలెస్‌లోని ఒక డీలర్ దగ్గర బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ సంతకం ఉన్న, టాప్స్ కంపెనీ 1954లో వేసిన కార్డును ఆన్‌లైన్‌లో 4,200 డాలర్లకు కొన్నాను. ‘ఒరిజినల్ సంతకం, జీవితకాల గ్యారంటీ’ అని సర్టిఫికెట్ ఇచ్చాడు. కార్డులను, సంతకాలను పరిశీలించి ధ్రువీకరించే పీఎస్ఏ అనే సంస్థకు గత వారం పంపితే సంతకాన్ని ధ్రువీకరించలేమని తిప్పి పంపారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోనని బిల్లు మీదే ఉందంటున్నాడు డీలర్. కేసు వేయొచ్చా, లేక ఇంకెవరికైనా అమ్మేసుకోవడమే మేలా?

జవాబు: కేసు వేయొచ్చు. అయితే ముందు తేదీలు చూసుకోండి.

క్రెడిట్ కార్డు కంపెనీకి బిల్లు మీద అభ్యంతరం చెప్పడానికి చట్టం ఇచ్చిన గడువు 60 రోజులు. అది దాటిపోయింది, వదిలేయండి.

మీకు గట్టి ఆధారం కాలిఫోర్నియా సివిల్ కోడ్ సెక్షన్ 1739.7. 50 డాలర్లు, ఆపైన ధరకు సంతకం ఉన్న వస్తువును అసలుదని చెప్పి అమ్మే డీలర్ సరైన సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి. అందులో డీలర్ చట్టబద్ధమైన పేరు, వీధి చిరునామా, స్పష్టమైన వారంటీ, సంతకం తన కళ్లెదుట జరిగిందా లేక వేరొకరి నుంచి కొన్నాడా అన్న వివరం ఉండాలి. దాని నకలును డీలర్ ఏడేళ్లు దాచాలి. కాలిఫోర్నియా నుంచి అమ్మినా ఇది వర్తిస్తుంది కాబట్టి మీరు టెక్సాస్‌లో ఉండటం అడ్డు కాదు. సర్టిఫికెట్ అబద్ధమైనా, అసంపూర్ణమైనా నష్టంతో పాటు దానికి పది రెట్ల వరకు జరిమానా, లాయర్ ఫీజు, నిపుణుడి ఖర్చు అడగొచ్చు. ఒక్క షరతు: కార్డు మీ సొంతానికి కొన్నదై ఉండాలి. మళ్లీ అమ్మి లాభం చూసుకోవడానికి కొన్నట్టు మీ మెసేజ్‌లలో ఉంటే ఈ సెక్షన్ చేజారుతుంది, మామూలు వారంటీ దావా మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు గడువు సంగతి. వారంటీ దావాకు కార్డు మీకు అందిన రోజు నుంచి నాలుగేళ్లుంది. చట్టం విధించే జరిమానాకు మాత్రం ఒక్క ఏడాదే గడువని అవతలి లాయర్ వాదిస్తాడు. ఆ వాదన నెగ్గవచ్చు. కాబట్టి మీకు నాలుగు నెలలే ఉన్నాయనుకుని నడవండి.

‘వాపసు లేదు’ అన్న ముక్కకు భయపడకండి. సంతకం అసలుదని రాసిచ్చిన వారంటీని అలాంటి మాట రద్దు చేయలేదు. కానీ లోపం తెలిశాక తగిన సమయంలో అమ్మినవాడికి చెప్పకపోతే వారంటీ మీద వచ్చే హక్కులన్నీ పోతాయి. ఈ వారంలోనే సర్టిఫైడ్ మెయిల్‌లో, ఈమెయిల్‌లో నోటీసు పంపండి. కొన్న తేదీ, ధర, సర్టిఫికెట్‌లో ఏం రాశాడో, పీఎస్ఏ జవాబు, కొనుగోలును రద్దు చేసుకుంటున్నానన్న మాట, 14 రోజుల్లో డబ్బు వాపసు. అంతే, తిట్లు వద్దు. కార్డు మాత్రం ముందే పంపకండి. న్యాయంగా రద్దు చేసుకున్న కొనుగోలుదారుకు డబ్బు అందేదాకా సరుకు తన దగ్గర ఉంచుకునే హక్కుంది. దాన్ని తుడవడం, సిరాను దూదితో పరీక్షించడం లాంటివి చేస్తే ఆ రద్దు హక్కే దెబ్బతింటుంది.

సాక్ష్యం దగ్గరే ఇలాంటి కేసులు ఓడిపోతాయి. ‘ధ్రువీకరించలేం’ అంటే ‘నకిలీ’ అని కాదు, అది ఒక అభిప్రాయం. జేఎస్ఏ, బెకెట్ లాంటి మరో సంస్థ మాట, వీలైతే కారణాలతో రాసే నిపుణుడి నివేదిక తీసుకోండి. అంతకంటే గట్టిది ఇంకొకటుంది. వేలం సంస్థల పాత ఫొటోల్లో ఇదే కార్డు సంతకం లేకుండా కనబడుతుందేమో వెతకండి. మూలల అరుగుదల, నాలుగు వైపులా అంచుల వెడల్పు, ముద్రణలో పడ్డ చుక్కలు పోల్చితే అదే కార్డో కాదో తెలుస్తుంది. రాబిన్సన్ 1972 అక్టోబరులో చనిపోయారు. ఆ తర్వాతి ఫొటోలో సంతకం లేకపోతే డీలర్‌కు ఇక వాదనే ఉండదు. కార్డు మీద మడత ఉంటే సిరా ఆ గీతలోకి పాకిందేమో కూడా చూడమనండి. పాకితే మడత పడ్డాకే సంతకం చేశారన్నమాట. అయితే ఆ మడత ఎప్పటిదో తేలనిదే అదొక్కటే కేసును నిలబెట్టదు. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, పార్శిల్ కవరు కూడా పారేయకండి.

కోర్టు విషయానికొస్తే, కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల దావాల కోర్టులో, వ్యక్తులు 12,500 డాలర్ల వరకు అడగొచ్చు. అక్కడ మీ తరఫున లాయర్ వాదించకూడదు, అంతకు మించిన జరిమానా వదులుకోవాలి. 4,200 ధర మీద పది రెట్ల జరిమానా పూర్తిగా కావాలంటే మామూలు సివిల్ కోర్టుకే వెళ్లాలి. చాలా ఏళ్లుగా వ్యాపారంలో ఉన్న డీలరైతే నేను రెండో దారే ఎంచుకోమంటాను. దుకాణం మూసేసేలా ఉన్నవాడైతే స్మాల్ క్లెయిమ్స్‌లో త్వరగా తేల్చుకోవడం మంచిది. తీర్పు వచ్చినా వసూలు చేసుకోవడానికి అవతల ఆస్తి ఉండాలి కదా.

ఇంకొకరికి అమ్మడం మాత్రం వద్దు. పీఎస్ఏ తిరస్కరించిందని తెలిసీ దాచి, అసలుదని ఆన్‌లైన్‌లో అమ్మితే అది ఫెడరల్ చట్టం కింద వైర్ ఫ్రాడ్ (ఇంటర్నెట్, ఫోన్ లాంటి వాటి ద్వారా చేసే మోసం) అవుతుంది. శిక్ష 20 ఏళ్ల వరకు ఉంటుంది. నకిలీ సంతకాల ముఠాల మీద ఎఫ్‌బీఐ శాన్ డియాగోలో ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అని ఒక పెద్ద కేసే నడిపింది. పైగా కార్డు చేయిదాటిపోతే డీలర్‌కు తిరిగిచ్చేందుకు మీ దగ్గర ఏమీ ఉండదు, కోర్టులో చూపించడానికి కూడా ఉండదు.