ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఏనుగుల్ని మాంక్‌ల నుంచి ఎలా కాపాడుకోవాలి?

కష్టపడి ఏనుగుల్ని తయారు చేస్తే ఒక్క మాంక్ (శత్రువు సైనికుల్ని మతం మార్చి తనవైపు తిప్పుకునే సన్యాసి) వచ్చి లాగేసుకుంటున్నాడని మీ బాధ. అర్థమైంది.

1999లో వచ్చిన ఈ కంప్యూటర్ యుద్ధం ఆటలో పర్షియన్ల యుద్ధ ఏనుగుకి 450 హిట్ పాయింట్లు, అంటే అన్ని దెబ్బలు తట్టుకునే ప్రాణశక్తి. కొండలా ఉంటుంది గానీ నడక మరీ నెమ్మది. 100 బంగారంతో వచ్చే మాంక్ దూరం నుంచే దాన్ని తనవైపు తిప్పేసుకుంటాడు. మొన్న ఆదివారం రాత్రి బెంగళూరులో, మారతహళ్ళి రూంలో ఆడుతుంటే మా నెల్లూరు తమ్ముడి ఐదు ఏనుగుల్లో రెండు శత్రువు రంగులోకి మారి మిగతా మూడింటి మీద పడ్డాయి. వాడికి నోట మాట రాలేదు. ఇంకొకడు దీన్ని నిజం మతాల గొడవలోకి లాగబోయాడు, నేను ఒప్పుకోలేదు. మనిషి నమ్మకం మంత్రం వేస్తే రంగు మారేది కాదు, ఒకరి ఛాందసానికి ఆ మతం వాళ్ళందరినీ అనడం తప్పు.

ఆట సంగతికొస్తే, ఏనుగుల ముందు లైట్ కావల్రీని (తేలికపాటి గుర్రపు దళాన్ని) పంపండి. అవి వేగంగా వెళ్తాయి, మార్పిడినీ బాగా తట్టుకుంటాయి. ఒకసారి తిప్పాక మాంక్‌కి శక్తి మళ్ళీ నిండాలి, ఆ గ్యాప్‌లోనే వాణ్ణి నరికేయాలి. బంగారం మిగిలితే హెరెసీ అనే టెక్నాలజీ తీసుకోండి, అప్పుడు తిప్పిన ఏనుగు చచ్చిపోతుంది గానీ శత్రువు చేతికి చిక్కదు.