డి విటమిన్ కోసం ట్యూబులైట్ల పెట్టెలో పడుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతోంది. చలికాలంలో ఒళ్లు నొప్పులని పరీక్ష చేయించుకుంటే డి విటమిన్ బాగా తక్కువుందన్నారట. రూమ్మేటేమో టానింగ్ సెలూన్‌లో (లైట్లతో ఒంటి రంగు ముదిరేలా చేసే చోటట) పది నిమిషాలు పడుకో, అదే వస్తుందందట. వీడియో కాల్లో చూపించింది, మూతున్న పెట్టె, లోపల పైనా కిందా ట్యూబులైట్లు! నల్లబడతావే, సంబంధాలు చూస్తున్నాం అన్నాను. ఠక్కున ఫోన్ పెట్టేసింది. నా భయం తప్పా?

జవాబు: మీ భయం సబబేనండి, మీరు చెప్పిన కారణానికి ఆ పిల్ల ఫోన్ పెట్టేయడమూ సబబే. రంగు గొడవ వదిలేయండి. ఎండలో ఉండే అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఎ, బి అని రకాలుంటాయి. ఆ లైట్ల నుంచి వచ్చేది ఎక్కువగా యూవీ-ఎ, డి విటమిన్ తయారవడానికి చర్మానికి కావాల్సిందేమో యూవీ-బి. అంటే వెళ్లిన పని సరిగ్గా అవదు, దెబ్బ మాత్రం తగులుతుంది. ఆ కిరణాలు చర్మ కణాల్లోని డీఎన్‌ఏని పాడుచేస్తాయి, ఒళ్లు రంగు మారడమే అందుకు గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లోనే ఈ పడకల్ని సిగరెట్లున్న జాబితాలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకి మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. బ్రెజిల్ అదే ఏడాది నిషేధించింది. మనది చామనఛాయ కాబట్టి కొంత రక్షణ ఉన్నమాట నిజమే, పూర్తిగా కాదు. మన చేలల్లో నాట్లేసే ఆడవాళ్లు చీర మీద ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడిగి తలకి తువ్వాలు చుట్టుకుంటారు చూడండి, వాళ్లు తప్పించుకునేదాన్ని ఈ పిల్లలు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు!

కళ్లు మూసుకున్నా రెప్పలు ఆ వెలుతుర్ని పూర్తిగా ఆపలేవు. మొటిమలకి డాక్సీసైక్లిన్ అనే మందు వాడుతుంటే చర్మం ఇంకా తొందరగా కమిలిపోతుంది. (బొల్లికి ఆసుపత్రిలో ఇచ్చే లైటు వైద్యం వేరండి, అది డాక్టరు కొలిచి ఇచ్చేది.)

అక్కడి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటే చాలు. ఇంకో మాట, ఆవకాయ పార్సిల్లో 60 వేల యూనిట్ల డి విటమిన్ మాత్రలు పడేసి పంపే తల్లులు నాకు చాలామంది తెలుసు. అవి మామూలుగా వారానికి ఒకటి చొప్పున, అదీ కొన్ని వారాలే రాస్తాం. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదకొస్తుంది.

ఇప్పటికే ఒకటి రెండుసార్లు వెళ్లొచ్చినా కంగారు లేదు, ఇక మానేయమనండి. ఆ చెప్పేటప్పుడు మాత్రం సంబంధాల ఊసెత్తకండి.