స్టాంపు కాగితంతో తండ్రి హక్కు పోతుందా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా అమ్మతో కలిసి గ్రీమ్స్‌పేటలో ఉంటున్నాం. పాప ఏడో తరగతి. దానికి మూడేళ్లప్పుడు మా ఆయన పని కోసమని బెంగళూరు వెళ్లి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. విడాకులు కాలేదు. పైసా పంపింది లేదు, పండక్కి ఫోన్ చేసింది లేదు. అప్పట్లో పెద్దమనుషులు కూర్చోబెడితే, 'పాపతో నాకు ఏ సంబంధమూ లేదు' అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి సంతకం చేశాడు.

సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలు సెలవులకు రమ్మంటోంది. పాప పాస్‌పోర్టుకు తండ్రి సంతకం ఉండాలని నెట్ సెంటర్లో చెప్పారు. ఇంతలో బంగారుపాళెం నుంచి అత్తగారి తరఫు మనిషి వచ్చాడు. తాతల నాటి మామిడి తోటలో పాపకు వాటా వద్దని నేను రాసిస్తే, తండ్రిగా హక్కు వదులుకున్నట్టు మా ఆయన చేత కొత్త కాగితం రాయిస్తాడట. లేదంటే పాప పెద్దమనిషి కాగానే వాళ్లే తీసుకెళ్లిపోతారట. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అమెరికాలో కోర్టే తండ్రి హక్కు రద్దు చేస్తుందని విన్నాను. ఇక్కడ అలా చేయించవచ్చా? ఆ కాగితం రాసిచ్చేయనా?

– ఒక తల్లి, చిత్తూరు

జవాబు:

అమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దు. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం.

కుటుంబ కేసులు చూసే వకీలుగా నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేవి ఈ స్టాంపు కాగితాలే. నలుగురు కూర్చుని, ఎవరి చేతో రాయించి, ఆడమనిషి చేత సంతకం పెట్టించి, ఇంతటితో తెగిపోయిందంటారు. ఏదీ తెగదు. బిడ్డను పోషించే బాధ్యత తండ్రికి చట్టం పెట్టింది. నాకొద్దని ఆయన రాసినా పోదు, అడగనని మీరు రాసినా పోదు. ఎందుకంటే ఆ పోషణ పాపకు రావలసినది. అయితే ఆ పాత కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. హక్కును రద్దు చేసే బలం దానికి లేకపోయినా, బిడ్డను వద్దనుకున్నానని ఆయన తన చేత్తో రాసిన సాక్ష్యంగా రేపు కోర్టులో బాగా పనికొస్తుంది.

అమెరికా సంగతి మీరు విన్నది నిజమే. అక్కడ కోర్టులు తల్లి హక్కునో తండ్రి హక్కునో పూర్తిగా రద్దు చేయగలవు. మనకు అలాంటి ఏర్పాటు లేదు. పుట్టిన కుటుంబంతో బంధం చట్టప్రకారం తెగేది దత్తతతోనే. రేపు మీరు విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఆ వచ్చినాయన పాపను దత్తత తీసుకోవాలంటే కన్నతండ్రి సమ్మతి అడుగుతారు.

కానీ మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది వేరే అనిపిస్తోంది. పాపను ఎవరూ పట్టుకుపోకూడదు, ప్రతిదానికీ ఆయన సంతకం కోసం తిరగకూడదు. ఇవి రెండూ ఆయన హక్కు రద్దు కాకుండానే దొరుకుతాయి.

సంతకం సంగతి ముందు చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుల్లో తండ్రిని ముందు పెట్టింది. దాన్ని పట్టుకునే అందరూ తండ్రి సంతకం అంటారు. కొడుకు పేరున బాండ్లు కొనబోతే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం అడిగిందని గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. బిడ్డ ఆలనాపాలనా తండ్రి పట్టించుకోనప్పుడు, ఆయన బతికి ఉన్నా తల్లే సహజ సంరక్షకురాలవుతుందని 1999లో ఆ కేసులో తీర్పు వచ్చింది. ఇన్నేళ్లుగా మీరు ఉన్న పరిస్థితి సరిగ్గా అదే. పాస్‌పోర్టుకైతే ఇంత చర్చ కూడా అక్కర్లేదు. తల్లిదండ్రుల్లో రెండోవారి సమ్మతి దొరకనప్పుడు ఒక్క తల్లే ఇచ్చే డిక్లరేషన్ ఉంది, దాన్ని అనెక్సర్-సి అంటారు. అది నింపి తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లండి. ఆయన వదిలి వెళ్లిన సంగతి ఉన్నదున్నట్టు రాయండి. అప్పటికే కోర్టులో కేసు వేసి ఉంటే అదీ చెప్పండి. పాన్ కార్డుకు కూడా, ఒంటరి తల్లి పెంచుతున్న బిడ్డకు తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018లోనే నిబంధన మార్చారు.

పాపను తీసుకెళ్తామన్న బెదిరింపును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కోర్టు ఉత్తర్వు చేతిలో లేనంతకాలం, తండ్రి వచ్చి బిడ్డను తీసుకెళ్తే పోలీసులు 'ఇది మీ ఇంటి గొడవ' అని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అందుకే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయండి. పాపకు మీరే సంరక్షకురాలని ప్రకటించమని, కస్టడీ మీకే ఉండాలని అడగండి. బిడ్డ ఎక్కడ పెరుగుతుంటే అక్కడి కోర్టులోనే ఈ కేసు నడుస్తుంది, కాబట్టి బెంగళూరు తిరగాల్సిన పని లేదు. ఆయన అడ్రసు దొరక్కపోతే కోర్టు అనుమతితో పేపర్లో నోటీసు వేయిస్తారు, అప్పటికీ రాకపోతే ఆయన లేకుండానే విచారణ సాగుతుంది. కేసు తేలేదాకా పాప మీ దగ్గరే ఉండేలా మధ్యంతర ఉత్తర్వు (తుది తీర్పుకు ముందు ఇచ్చేది) కూడా అడగండి.

కోర్టు చూసేది ప్రధానంగా పాప క్షేమం. ఏడో తరగతి పిల్ల కాబట్టి జడ్జిగారు పాపతో నేరుగా మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో పాపకు నేర్పకండి. దాని మాట అది చెప్పుకోగలదు. ఒకవేళ ఆయన వచ్చి, అప్పుడప్పుడు చూసి వెళ్తానని అడిగితే కోర్టు ఒప్పుకోవచ్చు. ఆ మాట ఇప్పుడే చెప్తున్నాను, రేపు విని మీరు కుంగిపోకూడదని.

ఇక తోట. అది నిజంగా తాతల నాటి ఉమ్మడి ఆస్తే అయితే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. వాళ్ల తాత స్వయంగా కొన్నదైతే లెక్క వేరు. సర్వే నంబరు తెలిస్తే ప్రభుత్వ మీభూమి పోర్టల్‌లో 1-బి (హక్కుదారు వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) తీసి ఎవరి పేరున ఉందో చూడండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీయించండి. మైనర్ బిడ్డ వాటాను కోర్టు అనుమతి లేకుండా వదులుకునే అధికారం తల్లికి కూడా లేదు. ఆ మధ్యవర్తి మిమ్మల్ని అడుగుతున్నది మీది కాని దాన్ని ఇచ్చేయమని. మీరు సంతకం పెడితే పాప మేజరయ్యాక సవాలు చేయవచ్చు, నిజమే, కానీ ఈలోపు తోట ఎన్ని చేతులు మారుతుందో! అమ్మేస్తున్నారని తెలిస్తే పాప వాటా పంచి ఇమ్మని పాప తరఫున మీరే పార్టిషన్ దావా వేయవచ్చు.

పోషణ ఖర్చు వద్దనుకుని ఇన్నేళ్లు ఊరుకున్నారు. ఆత్మాభిమానంతో చాలామంది తల్లులు అలాగే చేస్తారు, నేను తప్పు పట్టను. కానీ అది పాప చదువుకు పనికొచ్చే డబ్బు. పోషణ ఖర్చు ఇప్పించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ వచ్చింది. దాని కింద చిత్తూరులోనే అర్జీ వేయవచ్చు. పోషణ ఖర్చు అర్జీ వేసిన తేదీ నుంచి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా పాపకు నష్టమే. విడాకులు ఎప్పుడు కావాలన్నది మీ ఇష్టం. రెండేళ్లకు మించి వదిలేసి వెళ్లడమే చాలిన కారణం.

జనన ధ్రువీకరణ పత్రంలో తండ్రి పేరు మాత్రం ఉంటుంది, ఆయన పట్టించుకోలేదని దాన్ని తీసేయరు. ఇంటిపేరు మార్చాలనుకుంటే ఆ విషయం పిటిషన్‌లోనే అడగండి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక మార్పించడం చాలా కష్టం కాబట్టి, పాపను కూడా అడిగి ఈలోపే తేల్చుకోండి.

ఫీజు గురించి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. పాప బర్త్ సర్టిఫికెట్, స్కూల్ ఫీజు రసీదులు, ఆధార్, ఆ పాత స్టాంపు కాగితం తీసుకెళ్లండి. దాంతోపాటు, మీరు స్వయంగా వచ్చి చెప్తే తప్ప పాపను ఎవరి వెంటా పంపవద్దని హెడ్మాస్టరుకు రాసిచ్చి, నకలు మీద స్కూల్ ముద్ర వేయించుకోండి. మధ్యంతర ఉత్తర్వు రాగానే దాని కాపీ కూడా హెడ్మాస్టరుకు ఇవ్వండి.