నల్గొండలో బోరు నీళ్లకి ఇన్‌స్టంట్ గీజర్ పనికొస్తుందా?

ఇద్దరు ముగ్గురున్న ఇంటికైతే పనికొస్తుంది. స్విచ్ వేసిన కాసేపటికే వేడి నీళ్లు వస్తాయి, నిల్వ ఉన్న నీళ్లు చల్లారి కరెంటు వృథా కాదు. కానీ 3 కిలోవాట్ల గీజర్ నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించి ఇవ్వాలంటే నిమిషానికి సుమారు 2 లీటర్లే ఇస్తుంది. బకెట్ నిండటానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది.

మన దగ్గర అసలు సమస్య బోరు నీళ్లే. అందులోని కాల్షియం కాయిల్ మీద తెల్లగా పేరుకుని గట్టిపడుతుంది. వేడి తగ్గుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. స్టోరేజీ గీజర్‌కూ ఇదే బాధ. వీలైతే మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీటి పథకం) నల్లా నీళ్లు పట్టే ట్యాంకు నుంచి లైను ఇవ్వండి. లేదంటే ఏటా విప్పించి శుభ్రం చేయించాల్సిందే.

16 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. గ్యాస్ గీజర్‌ని మాత్రం మూసి ఉన్న బాత్రూంలో దయచేసి పెట్టించొద్దు. గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, తెలిసేలోపే ప్రాణం మీదికొస్తుంది.