గురకను గుండె డాక్టరుకు చెప్పు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా నీ రక్తపోటు అదుపులోకి రావడం లేదనీ, రాత్రి గురక మధ్యలో నీ ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తున్నావనీ కోడలు చెప్పినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని నువ్వు అనుకుంటున్నావు. నేనూ అలాగే అనుకుని, గుండె లయ తప్పి ఆసుపత్రిలో చేరేదాకా నా నిద్ర సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు.

నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం పదేపదే మూసుకుపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి 10 సెకన్లు ఆగినా లెక్కలోకి వస్తుంది. అలా ఆగడాలు, బాగా తగ్గిపోవడాలు కలిపి గంటకు 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది, ఆ కంగారులో రక్తనాళాలు బిగుసుకుని గుండె వేగం పెరుగుతుంది. మామూలుగా నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గవలసిన రక్తపోటు అందువల్ల తగ్గదు, గుండెకు రాత్రి దొరకవలసిన విశ్రాంతి దొరకదు. మందులకు లొంగని రక్తపోటు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషం, పక్షవాతం ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపించడం అందుకే ఆశ్చర్యం కాదు.

కాబట్టి ముందుగా నిద్ర పరీక్ష చేయించుకో. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు కోడలిని వెంట తీసుకువెళ్లు, ఎందుకంటే రాత్రి ఏం జరుగుతున్నదో నీకంటే ఆమెకే బాగా తెలుసు. పొద్దున్నే తలనొప్పి, రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడం, పగటి కునుకు వంటివి చిన్న విషయాలని దాచకు. ఈలోగా నీ అంతట నువ్వు నిద్రమాత్ర వేసుకోవద్దు. అదీ, మద్యమూ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. పక్కకు తిరిగి పడుకో. కునుకు వచ్చేటట్టుంటే కారు నడపకు.

నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం డాక్టరు వాడమంటే, మొదటి వారాల్లో ముఖానికి మాస్కు ఇబ్బందిగానే ఉంటుంది. నాకు సరిపోయే కొలత మూడోసారికి గానీ దొరకలేదు. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్నవారికి ఈ యంత్రం వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదన్నది నిజమే. అయితే వారు సగటున రాత్రికి 3.3 గంటలే దానిని వాడారు. అయినా వారి పగటి నిద్రమత్తు తగ్గింది. అందుచేత యంత్రం వచ్చిందని రక్తపోటు మాత్రలు మానవద్దు, మాస్కును అర్ధరాత్రి తీసి పక్కన పెట్టనూ వద్దు. బరువు తగ్గడం కూడా దీనితోపాటే సాగాలి.

ఈ వారంలోనే డాక్టరును కలిసే తేదీ తీసుకుని నాకు తెలియజెయ్యి. ఆ రోజు నేనూ మీ వెంట వస్తాను.

ఇట్లు,
పెదనాన్న